కారులో వెంట వచ్చే కుర్చీ బండి: నడవలేని పెద్దలతో షోలాపూర్ ప్రయాణం

శ్రావణ పూర్ణిమ సమీపించగానే సరిహద్దు గ్రామాలలోని నేత కుటుంబాలలో షోలాపూర్ ప్రస్తావన మొదలవుతుంది. ఆనాడు అక్కడి పద్మశాలీయులు మార్కండేయ మహామునికి రథోత్సవం జరుపుతారు. దానికి తోడు పెళ్లిళ్లు, పురుళ్లు, దినకర్మలు సరేసరి. కారు ఎవరిది, డ్రైవరు ఎవరు, పిల్లల బడి ఎన్ని రోజులు పోతుంది అన్న లెక్కలన్నీ తేలిన తరువాత మాట ఒకచోట ఆగిపోతుంది. మోకాళ్లు పట్టేసి పది అడుగులు కూడా వేయలేని అవ్వను, పక్షవాతం వచ్చి కోలుకుంటున్న తాతను ఏం చేయాలి? అధిక శాతం ఇళ్లలో దీనికి దొరికే జవాబు ఒక్కటే. కోడళ్లలో ఒకరిని కాపలా ఉంచి మిగిలినవారు బయలుదేరుతారు.

విచిత్రమేమంటే, ఇంట్లో మిగిలిపోయే ఆ పెద్దలకే షోలాపూర్‌తో అసలైన సంబంధం ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో అక్కడ నూలు మిల్లులు వెలసిన నాటి నుండి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నేతగాళ్లు కరవు వచ్చినప్పుడల్లా మూటముల్లె సర్దుకుని ఆ ఊరికి వలస వెళ్లారు. చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరును దేశమంతా చాటాయి. షోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నగరానికి తూర్పున ఉన్న, మరాఠీవారు ‘పూర్వభాగ్’ అని పిలిచే పేటలలో ఇప్పటికీ తెలుగే ఇంటి భాష. పడుచుతనంలో ఆ కార్ఖానాలలో నాలుగేళ్లు మగ్గం నడిపి, తరువాత సొంత ఊరు చేరిన ముసలివారు సరిహద్దు గ్రామాలలో ఎందరో ఉన్నారు. తోబుట్టువులను, తోటి పనివారిని ఒకసారి చూసి రావాలని వారికి ఉంటుంది. అడ్డం వచ్చేది కాళ్లు మాత్రమే.

ఈ అడ్డంకికి ఒక పరిష్కారం బ్యాటరీతో నడిచే చిన్న కుర్చీ బండి. ఆంగ్లంలో దీనిని మొబిలిటీ స్కూటర్ అంటారు. విప్పినా, మడిచినా కారు డిక్కీలో పట్టే రకాలు వచ్చాయి. కొనాలంటే ఖర్చెక్కువ. నాలుగు రోజుల ప్రయాణానికి కిరాయికి తీసుకోవడమే మేలు. అయితే ఏది తీసుకోవాలి, ఎవరికి అది పనికివస్తుంది, నేత పేటల సందులలో అది ఎంతవరకు నడుస్తుంది అన్న విషయాలు తెలియకుండా డబ్బు కడితే, బండి డిక్కీలోనే ఉండిపోయి పెద్దలు మంచం మీదనే ఉండిపోతారు.

స్కూటర్ అంటే ఏ స్కూటర్?

మన ప్రాంతంలో వికలాంగుల స్కూటర్ అనగానే పెట్రోలు స్కూటరుకు వెనుక రెండు పక్క చక్రాలు బిగించినది గుర్తుకు వస్తుంది. అది మోటారు వాహనం. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా కావాలి. ఇక చేతితో పెడలు తిప్పే మూడు చక్రాల బండి, దానికే బ్యాటరీ మోటారు అమర్చిన బండి ప్రభుత్వ శిబిరాలలో ఇచ్చేవి. అవి గట్టివే కాని కారులో పట్టవు. మొబిలిటీ స్కూటర్ ఈ మూడింటికీ భిన్నమైనది. ముందు నిలువుగా ఒక హ్యాండిల్ కడ్డీ, కాళ్లు పెట్టుకోవడానికి చదునైన పలక, వెనుక తిరిగే కుర్చీ, కింద మూడు లేక నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. వేగం గంటకు ఆరు నుండి ఎనిమిది కిలోమీటర్లు, అనగా చురుకుగా నడిచే మనిషి వేగానికి కొంచెం ఎక్కువ. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 0.25 కిలోవాట్ కంటె తక్కువ శక్తి, గంటకు 25 కిలోమీటర్ల కంటె తక్కువ వేగం గల బ్యాటరీ బండ్లు, నిర్ణీత షరతులకు లోబడి, మోటారు వాహనాల లెక్కలోకి రావు. కిరాయికి ఇచ్చేవారిని మోటారు శక్తి ఎంతో అడిగి రసీదు మీద రాయించుకోవడం ఉత్తమం.

ఈ బండి పుట్టినది అమెరికాలో. మిషిగన్ రాష్ట్రానికి చెందిన అలన్ థీమ్ అనే ఆయన 1968లో తన కుటుంబంలో నరాల వ్యాధితో బాధపడుతున్నవారి కోసం దీనిని తయారుచేశాడు. నడవడం బొత్తిగా రానివారి కోసం కాక, కొంత నడవగలిగీ దూరం పోలేనివారి కోసం ఇది రూపొందినదని గుర్తుంచుకుంటే తరువాతి విషయాలన్నీ సులభంగా అర్థమవుతాయి. ఇటువంటి బండ్లను కొద్ది గంటల కోసం ఎరువు ఇచ్చే పద్ధతి బ్రిటన్‌లోని మిల్టన్ కీన్స్ పట్టణంలో 1979లో మొదలై, క్రమంగా ఆ దేశపు అంగడి వీధులన్నింటికీ పాకింది. మన దేశంలో అద్దె పద్ధతి ఇంకా పెద్ద నగరాలకే పరిమితమై ఉంది. హైదరాబాద్, పుణె వంటి చోట్ల రోగుల మంచాలు, ప్రాణవాయువు యంత్రాలు అద్దెకు ఇచ్చేవారి వద్ద ముందుగా విచారించాలి. షోలాపూర్ చేరిన తరువాత వెతుక్కుందాం అనుకోవడం మంచిది కాదు.

కారులో పట్టడం అంటే ఏమిటి?

‘కారులో ఇట్టే పట్టేస్తుంది’ అని ప్రతి దుకాణదారుడూ చెబుతాడు. ఏ కారులో అన్నది చెప్పడు. ఇక్కడ రెండు కొలతలు చూడాలి. ఒకటి పరిమాణం, రెండవది బరువు.

పరిమాణానికి డిక్కీ లోపలి వైశాల్యం కంటె దాని నోరు ముఖ్యం. లోపల ఎంత జాగా ఉన్నా నోరు ఇరుకైతే వస్తువు లోపలికి పోదు. టేపుతో నోటి వెడల్పు, ఎత్తు, లోపలి పొడవు కొలిచి కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లాలి. సీఎన్‌జీ కార్లలో గ్యాసు సిలిండరు సాధారణంగా డిక్కీలోనే ఉంటుంది. అటువంటి కారులో మడిచిన బండి కూడా పట్టడం కష్టం. అప్పుడు వెనుక సీటులో సగం మడిచి జాగా చేసుకోవాలి, లేదా కారు మీద క్యారియర్ బిగించుకోవాలి. క్యారియర్ మీదికి ఎక్కించడం ఇద్దరు పడుచువాళ్లు ఉంటేనే సాధ్యం. పైగా శ్రావణ మాసం వానల మాసం. బ్యాటరీని, హ్యాండిల్ మీది స్విచ్చుల పెట్టెను వానకు వదలిపెట్టకూడదు.

బరువు విషయంలో రెండు జాతుల బండ్లు ఉన్నాయి. మొదటిది విడిపోయే జాతి. కుర్చీ, బ్యాటరీ పెట్టె, ముందు భాగం, వెనుక భాగం అని నాలుగైదు ముక్కలుగా ఊడుతుంది. మొత్తం బరువు సాధారణంగా 35 నుండి 50 కిలోల మధ్య ఉన్నా, ఒక్కసారి ఎత్తవలసిన ముక్క 12 నుండి 18 కిలోలే. రెండవది మడిచే జాతి. అల్యూమినియం చట్రం, లిథియం బ్యాటరీతో 20 నుండి 30 కిలోల దాకా తూగుతుంది. సూట్‌కేసు వలె మడిచి ఈడ్చుకుపోవచ్చు. చూడడానికి రెండవదే ముచ్చటగా ఉంటుంది. కాని డిక్కీలోకి ఎత్తవలసి వచ్చేసరికి ఆ బరువంతా ఒకే ముక్క. ఇంటికి తెచ్చే బియ్యం బస్తా 25 కిలోలు. ఆ బస్తాను నడుము ఎత్తుకు లేపి, డిక్కీ అంచు దాటించి, లోపలికి దించగలిగే మనిషి ప్రయాణంలో ఉన్నాడా? అది కూడా రోజుకు ఒకసారి కాదు, దిగిన ప్రతిచోటా. వెంట వచ్చేది యాభై దాటిన కోడలు, పదో తరగతి చదివే మనుమరాలు మాత్రమే అయితే విడిపోయే జాతి బండినే ఎంచుకోవాలి. విప్పి బిగించడానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. దుకాణంలో దానిని ఎత్తి చూపేది అక్కడి పనివాడు కాకుండా, ప్రయాణంలో ఎత్తబోయే మనిషే అయి ఉండాలి. ఒక్కసారి ఎత్తి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

కారులో పెట్టిన తరువాత బండిని తాడుతో గాని బెల్టుతో గాని కదలకుండా కట్టాలి. గట్టి బ్రేకు పడినప్పుడు వెనుక నుండి వచ్చే 15 కిలోల ముక్క తలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఓమ్నీ వంటి పెద్ద బండ్లలో పెద్దలను స్కూటరు మీద కూర్చోబెట్టే ఎక్కించి తీసుకుపోదామనే ఆలోచన కొందరికి వస్తుంది. అది ప్రమాదం. ఆ కుర్చీ ప్రయాణ వాహనంలో సీటుగా పనికిరాదు. మనిషి కారు సీటులో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి, బండి డిక్కీలో ఉండాలి.

బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద వోల్టు, ఆంపియర్-గంట అని రెండు అంకెలు ఉంటాయి. రెండింటినీ గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 24 వోల్టులు, 12 ఆంపియర్-గంటలు అయితే 288 వాట్-గంటలు. రెండు బండ్లను పోల్చి చూడడానికి ఇదే సరైన కొలత. ‘పదిహేను కిలోమీటర్లు పోతుంది’ అన్న మాట కొత్త బ్యాటరీతో, చదునైన నేల మీద, మధ్యస్థమైన బరువున్న మనిషికి వర్తించేది. కిరాయి బండి బ్యాటరీ ఎన్నో చేతులు మారి ఉంటుంది. అందులో సగమే లెక్కకు తీసుకుని, తిరిగి వచ్చే దూరాన్ని కూడా కలుపుకోవాలి. సీసపు బ్యాటరీ బరువెక్కువ, వెల తక్కువ. లిథియం బరువు తక్కువ, వెల ఎక్కువ. బ్యాటరీ విడిగా ఊడివచ్చే రకమైతే మిగతా బండిని వాకిట్లో ఉంచి బ్యాటరీని మాత్రం ఇంట్లోకి తెచ్చి ఛార్జి పెట్టుకోవచ్చు. ఇరుకు ఇళ్లలో ఇది పెద్ద సదుపాయం. వేసవిలో షోలాపూర్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అటువంటి రోజులలో మూసిన కారులో బ్యాటరీని వదలి పెళ్లికి పోకూడదు.

పేటల సందులలో

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఈ బండ్లు చాలావరకు నున్నటి కాలిబాటల కోసం, పెద్ద అంగళ్ల కోసం తయారైనవి. సాఖర్ పేట్, భద్రావతి పేట్, దాజీ పేట్ వంటి పాత పేటల నడక వేరు. కింద మగ్గాలు, పైన లేదా వెనుక సంసారం ఉన్న ఇళ్లు. వాకిలి ముందు మోరీ, దాని మీద పలక. గడప దాటితే మెట్టు. సందులో నిలిపిన ద్విచక్ర వాహనాలు, నూలు బండిళ్లు దించుతున్న టెంపో. చిన్న మొబిలిటీ స్కూటరు అడుగుభాగానికి, నేలకు మధ్య ఎడం సాధారణంగా ఐదు నుండి ఏడు సెంటీమీటర్లే. గట్టిగా ఎత్తున్న పలక వస్తే కడుపు ఆనుకుని ఆగిపోతుంది. మోరీ జాలీ సందులలో చిన్న చక్రం దిగబడుతుంది. అటువంటి చోట ఏటవాలుగా పోకుండా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి తాకేటట్లు నిటారుగా దాటించాలి. మూడు చక్రాల బండి ఇరుకులో సులభంగా మళ్లుతుంది, కాని మలుపులో వేగంగా పోతే పక్కకు ఒరుగుతుంది. నాలుగు చక్రాలది నిలకడ గలది, కాని మళ్లడానికి ఎక్కువ జాగా కావాలి. సందు ఇళ్లకు మూడు చక్రాలదే నయం, నడిపేవారు నెమ్మది మనిషి అయితే.

ఇంకొక సంగతి ఈ పేటలకే ప్రత్యేకం. కార్ఖానాల వాకిళ్లలో తెగిన నూలు పోగులు నేల మీద పడి ఉంటాయి. అవి చిన్న చక్రాల ఇరుసులకు చుట్టుకుంటాయి. రెండు రోజులు చూడకుండా వదిలితే చక్రం బిగుసుకుపోతుంది, మోటారు మీద భారం పడుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ప్రతి రాత్రీ బండిని పక్కకు పెట్టి, బ్యాటరీ తీసివేసి, కత్తెరతో ఆ పోగులను కోసివేయాలి. నేతగాళ్ల ఇళ్లలో కత్తెరకు కొదవ లేదు గదా.

గడప మెట్టు దాటడానికి పలక కావాలి. సులువైన లెక్క ఒకటి ఉంది. ప్రజల రాకపోకలకు కట్టే ఏటవాలు దారికి మన దేశపు ప్రమాణం ఒకటికి పన్నెండు, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల పలక. సందులో అంత జాగా ఉండకపోవచ్చు. అప్పుడు పెద్దలను దింపి, చేయి పట్టుకుని మెట్టు ఎక్కించి, ఖాళీ బండిని పొట్టి పలక మీదుగా ఎక్కించాలి. మనిషి కూర్చుని ఉండగా నిటారు పలక మీదికి బండిని ఎక్కిస్తే వెనక్కు తిరగబడుతుంది.

కుంభారి వైపు కొత్త కాలనీలలో పరిస్థితి మరొక విధం. బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీలో 2006లో పదివేల ఇళ్లు అప్పగించారు. 2024 జనవరి 19న అదే ప్రాంతంలోని రే నగర్‌లో 15 వేల ఇళ్లు కార్మికులకు అందాయి. మరమగ్గాల కార్మికులు, చేనేతవారు, బీడీలు చుట్టేవారు, చెత్త ఏరేవారు, డ్రైవర్లు అక్కడి లబ్ధిదారులు. అక్కడ దారులు విశాలం, కాని నగరంలోని ఆసుపత్రి, గుడి, అంగడి దూరం. పేటలలో బంధువుల ఇల్లు ఉంటే చిన్న బండి చాలు, కాలనీలో ఉంటే కారు తప్పదు. బంధువులకు ముందుగా ఫోను చేసి వాకిలి వెడల్పు, మెట్ల సంఖ్య అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడకూడదు.

రథోత్సవం నాడు బండిని జనసమ్మర్దంలోకి తీసుకుపోవడం అవివేకం. రథం పేటల గుండానే సాగుతుంది కనుక, ఊరేగింపు వచ్చే వీధి మొగన ఎవరైనా బంధువుల అరుగు చూసుకుని, జనం కూడక ముందే చేరుకుని, బండిని గోడ పక్కకు చేర్చాలి.

ఎవరు నడపవచ్చు?

కుర్చీలో తనంతట తాను కూర్చుని లేవగలగాలి. నడుము నిలవాలి. చూపు బాగుండాలి. హ్యాండిల్ కింద ఉండే మీటను వేలితో నొక్కగలగాలి. చాలా బండ్లలో ఒకవైపు మీట ముందుకు, రెండవ వైపు మీట వెనక్కు నడుపుతుంది. వేలు తీయగానే బ్రేకు దానంతటదే పడి బండి ఆగుతుంది. ఈ సంగతి మొదటే నేర్పాలి. ఎందుకంటే భయపడిన మనిషి సహజంగా పట్టు బిగిస్తాడు, ఇక్కడ బిగిస్తే బండి ఇంకా ముందుకు పోతుంది. ‘భయమైతే వదిలెయ్, అవ్వా’ అని పదిసార్లు చెప్పించి, సొంత ఊరిలో ఖాళీ స్థలంలో రెండు రోజులు అభ్యాసం చేయించిన తరువాతనే ప్రయాణం కట్టాలి. బండిని తోసుకుపోవడానికి వీలుగా మోటారును విడదీసే ఒక మీట వెనుక వైపు ఉంటుంది. అది విడదీసి ఉన్నప్పుడు ఆ బ్రేకు పనిచేయదు. వాలు మీద మనిషి కూర్చుని ఉండగా దానిని తాకనే కూడదు. పిల్లలు ఆడుకుంటూ దానిని కదుపుతారు. ఎక్కించే ముందు ప్రతిసారీ చూసుకోవాలి.

పక్షవాతంతో ఒక చేయి పడిపోయినవారికి, మతిమరుపు ముదిరినవారికి, చూపు మందగించినవారికి ఈ బండి తగదు. వారికి మరొకరు తోసే మడత చక్రాల కుర్చీయే క్షేమం. నిజానికి సగం కుటుంబాలకు అదే సరిపోతుంది. ఉక్కుది 15 నుండి 18 కిలోలు, అల్యూమినియందైతే ఇంకా తక్కువ. మడిస్తే ఆటోలో కాళ్ల దగ్గర కూడా పడుతుంది. పేటల సందులలో ఇద్దరు కలిసి మనిషితో సహా ఎత్తి మెట్టు దాటించగలరు. బ్యాటరీ బండికి లేని గుణం ఇది. కాకపోతే మరొకరి దయ మీద ఆధారపడాలి. తాను అనుకున్న వైపు తాను పోగలగడం వేరు, ఎవరో తోసిన వైపు పోవడం వేరు. జీవితమంతా సొంత చేతులతో మగ్గం ఆడించిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది. స్వయంగా నడపగల శక్తి ఉన్న పెద్దలకు ఖర్చు చూసి చక్రాల కుర్చీతో సరిపెట్టడం న్యాయం కాదు.

ఈ రెండింటికీ మధ్య మరొక మార్గం కూడా వచ్చింది. మద్రాసు ఐఐటీలో రూపుదిద్దుకుని నియోమోషన్ అనే సంస్థ ద్వారా 2021లో విడుదలైన నియోబోల్ట్ అనే యంత్రాన్ని, దానికి తగిన చక్రాల కుర్చీ ముందు తగిలిస్తే అది బ్యాటరీ బండిగా మారుతుంది. ఇంటిలోపల విప్పివేస్తే మామూలు కుర్చీ. గతుకుల రోడ్ల కోసం మన దేశంలోనే తయారైనది కనుక చక్రం పెద్దది. అయితే ఇది నడుము, చేతులు గట్టిగా ఉన్న పడుచువారికి ఎక్కువ అనువైనది.

కిరాయి, అనామత్తు

మహారాష్ట్రలో ఒక మంచి ఆచారం ఉంది. ట్రస్టులు, మండళ్లు చక్రాల కుర్చీలు, వాకర్లు, మంచాలు నామమాత్రపు రుసుముకు ఎరువు ఇస్తాయి. అటువంటి చోట ‘రుగ్ణోపయోగీ సాహిత్య కేంద్ర’ అని బోర్డు ఉంటుంది. తెలుగు చదువుకున్నవారు ‘సాహిత్య’ అన్న మాట చూసి గ్రంథాలయం అనుకుని ముందుకు సాగిపోయే ప్రమాదం ఉంది. మరాఠీలో సాహిత్యం అంటే కావ్యాలే కాక సామగ్రి అని కూడా అర్థం. రోగులకు ఉపయోగపడే సామగ్రి దొరికే చోటు అన్నమాట. ‘భాడే’ అంటే మన బాడుగే. ‘అనామత్’ అంటే తిరిగి ఇచ్చే డిపాజిట్, పాత తెలుగు లెక్కల పుస్తకాలలోని అనామత్తు. ‘పావతీ’ అంటే రసీదు. ఈ నాలుగు మాటలు తెలిస్తే బేరం సగం అయినట్లే. ఇటువంటి కేంద్రాలలో ముఖ్యంగా దొరికేవి చేతితో తోసే కుర్చీలు, వాకర్లు. బ్యాటరీ బండి కావాలంటే అద్దె దుకాణాలే శరణ్యం.

కొనడమా, కిరాయా అన్నది చిన్న లెక్క. బండి వెలను రోజు కిరాయితో భాగించాలి. మాటవరసకు వెల అరవై వేలు, రోజు కిరాయి ఆరు వందలు అనుకుంటే నూరు రోజులు వస్తుంది. ఏడాదికి పది రోజుల ప్రయాణం ఉన్న ఇంటికి కొనవలసిన పని లేదు. ప్రతిరోజూ బయటికి పోవలసిన మనిషికి కిరాయి దండుగ. తీసుకునే ముందు మరికొన్ని సంగతులు తేల్చుకోవాలి. కిరాయి రోజు సాయంత్రంతో ముగుస్తుందా, ఇరవై నాలుగు గంటలకా? రాష్ట్రం దాటించడానికి సమ్మతమా? దారిలో పాడైతే ఎవరు బాగుచేయించాలి? బ్యాటరీ వయసెంత? ఛార్జర్, తాళం చెవి వెంట ఇచ్చారా? బండి మోయగల బరువు ఎంత? ఉన్న గీతలు, విరుగుళ్లు అన్నింటినీ దుకాణదారుడి ఎదుటే ఫోనులో ఫోటోలు తీసుకోవాలి. డిపాజిట్ తిరిగి రాబట్టుకోవడంలో వచ్చే తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. పూచీకత్తుగా అసలు ఆధార్ కార్డు వదలిపెట్టమంటే ఒప్పుకోకూడదు, నకలు చాలు.

ప్రభుత్వం నుండి రావలసినది

కిరాయి డబ్బు కూడా భారమైన కుటుంబాలు ముందుగా తమకు హక్కుగా రావలసినదానిని విచారించాలి. కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకం 1981 నుండి అమలులో ఉంది. నలభై శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉండి, నెల ఆదాయం 22,500 రూపాయలకు మించకపోతే ఉపకరణం ఉచితం. 30,000 దాకా ఉంటే సగం ధరకు ఇస్తారు. ఉపకరణాలలో అధికభాగం కాన్పూరులోని అలింకో సంస్థ తయారు చేస్తుంది. తీవ్ర వైకల్యం గలవారికి బ్యాటరీ మూడు చక్రాల బండి కూడా ఈ పథకంలో ఉంది. అరవై దాటిన పేద వృద్ధులకు వైకల్య ధ్రువపత్రంతో నిమిత్తం లేకుండా చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. మహారాష్ట్రలో నివాసం ఉంటున్న బంధువులకైతే 65 ఏళ్లు నిండినవారికి ఉపకరణాల కోసం ఒకసారి మూడు వేల రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే ముఖ్యమంత్రి వయోశ్రీ యోజన 2024లో వచ్చింది. కుటుంబ వార్షికాదాయం రెండు లక్షల లోపు ఉండాలి. సరిహద్దుకు ఇవతల ఉన్నవారు దానికి అర్హులు కారు. యూడీఐడీ కార్డు మాత్రం ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది.

దారిలో, చేరిన తరువాత

జహీరాబాద్ నుండి 65వ నంబరు జాతీయ రహదారి మీద హుమనాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా షోలాపూర్ సుమారు 200 కిలోమీటర్లు. రెండు గంటలకొకసారి ఆపి, పెద్దలను దింపి, కాళ్లు ఆడించాలి. ఒకే భంగిమలో కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. దానికోసం ప్రతిసారీ స్కూటరు దించనక్కరలేదు, వాకర్ ఒకటి చేతికి అందేటట్లు పెట్టుకుంటే చాలు. తాండూరు వైపువారికి రైలు కూడా అనువే. స్టేషన్లలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. 139కి ఫోను చేసి గాని, స్టేషన్ మాస్టరును అడిగి గాని ముందుగా తెలియజేయాలి.

ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటి ఉంది. పెద్దలు ‘నేను రాను, మీరు పోయి రండి’ అనడానికి కారణం చాలాసార్లు నడక కాదు, మరుగుదొడ్డి. పాత పేటల ఇళ్లలో కూర్చునే పద్ధతి దొడ్లే ఎక్కువ. మోకాళ్లు వంగనివారు అక్కడ ఏం చేయాలో తెలియక, అడగడానికి సిగ్గుపడి, ప్రయాణమే మానుకుంటారు. వచ్చినవారు కూడా నీళ్లు తాగడం తగ్గించి జబ్బు పడతారు. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ సర్జికల్ దుకాణాలలో దొరుకుతుంది, మడిచే రకమైతే డిక్కీలో స్కూటరు పక్కనే పడుతుంది. బండి కిరాయికి తీసుకునే రోజే దీనిని కూడా అడగాలి. రెండింటిలో ఒకదానికే డబ్బు ఉంటే ముందు ఈ కుర్చీనే తీసుకోవాలి. నడవలేని మనిషిని నలుగురు మోసుకుపోయి రథం చూపించగలరు గాని ఈ ఇబ్బందిలో ఎవరూ భాగం పంచుకోలేరు.

తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి బండిని తుడిచి, చక్రాల పోగులు తీసి, బ్యాటరీ పూర్తిగా నింపి, ఛార్జర్‌ను సంచిలో వేసుకోవాలి. బంధువుల ఇళ్లలో మరచిపోయే వస్తువులలో ఛార్జరే మొదటిది. అది పోతే డిపాజిట్‌లో కోత పడుతుంది. దుకాణంలో అప్పగించేటప్పుడు పాత ఫోటోలతో పోల్చి చూపి, డబ్బు చేతికి వచ్చిన తరువాతనే రసీదు కాగితం తిరిగి ఇవ్వాలి.